మూల్యం ఎవరిది? – పాల్ హోల్స్ ‘అన్‌మాస్క్‌డ్’లో అపరాధ పరిశోధకుడి ఆత్మచిత్రణ

అపరాధ పరిశోధక సాహిత్యాన్ని గురించి తెలుగులో జరిగిన కొద్దిపాటి చర్చ దాదాపుగా నవల చుట్టూనే తిరిగింది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో బెంగాలీ, ఇంగ్లీషు మూలాల నుంచి అనువాదాలుగా, అనుసరణలుగా ప్రవేశించిన ఈ ప్రక్రియ కొమ్మూరి సాంబశివరావు చేతిలో యుగంధర్ అనే స్థిరమైన నాయకుణ్ణి సంపాదించుకుంది. ఆరుద్ర వంటి కవి సైతం డిటెక్టివ్ నవలలు రాశారు. అయినా విమర్శకులు దీన్ని కాలక్షేప సాహిత్యపు గూట్లో ఉంచి, దాని ఇతివృత్త నిర్మాణాన్ని గురించో పాఠకాదరణను గురించో నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నారు. కేసు తేలిపోయిన తర్వాత పరిశోధకుడు ఏమవుతాడన్న ప్రశ్న ఆ చర్చలో తలెత్తలేదు. అందుకు విమర్శకులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ ప్రశ్నకు నవలే చోటివ్వలేదు. యుగంధర్ ఒక కేసు నుంచి ఇంకో కేసుకు నలగని చొక్కాతో వెళతాడు. అసిస్టెంట్ రాజు వెంట ఉంటాడు. తరువాతి నవల వచ్చేనాటికి పాత నవలలోని శవాలేవీ అతని నిద్రలోకి రావు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, కాంట్రా కోస్టా కౌంటీలో పాతికేళ్లకు పైగా నేర పరిశోధనలో గడిపిన పాల్ హోల్స్ 2022లో ప్రచురించిన ‘అన్‌మాస్క్‌డ్: మై లైఫ్ సాల్వింగ్ అమెరికాస్ కోల్డ్ కేసెస్’ అనే ఆత్మకథ సరిగ్గా ఆ నిద్రతోనే మొదలవుతుంది. కుళ్లిన దేహాల పీడకలలు, చెమటకు తడిసిన దుప్పట్లు, గ్లాసు తర్వాత గ్లాసుగా బర్బన్ విస్కీ, వదలని ఒక కేసు. అన్నింటినీ పెట్టెల్లో పెట్టి తాళం వేయగలనని గర్వపడిన మనిషి, ఆ పెట్టెల్లోంచి చీకటి కారడం మొదలైందని ఒప్పుకోవడం ఈ గ్రంథానికి ప్రారంభం. తన వృత్తి సాధించినదేమిటో ఏకరువు పెట్టి, దానికి తాను చెల్లించిన మూల్యమెంత అని అతడు తనను తానే అడుగుతాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను అతడు వేసిన తీరును, దానికి గ్రంథం ఇచ్చిన సమాధానాన్ని, ఇవ్వకుండా విడిచిన సమాధానాన్ని పరిశీలిస్తుంది.

మూడో కథ

అపరాధ పరిశోధక కథలో రెండు కథలుంటాయని త్స్వెతాన్ తొదోరోవ్ 1966లో ప్రతిపాదించాడు. మొదటిది నేరం కథ. అది గ్రంథం మొదలయ్యేసరికే ముగిసిపోయి ఉంటుంది. రెండోది పరిశోధన కథ. అందులో పాత్రలు చేసేది తక్కువ, తెలుసుకునేది ఎక్కువ. ఈ రెండో కథలో పరిశోధకుడికి ఏ హానీ జరగదన్నది ఆ ప్రక్రియ పాటించే అలిఖిత నియమం. అతడు అభేద్యుడు. థ్రిల్లర్ ఈ నియమాన్ని సడలించి, పరిశోధకుడి ప్రాణాన్ని కూడా పణంగా పెట్టింది. అయితే అక్కడ పొంచి ఉన్నది భౌతికమైన అపాయం: తుపాకీ, కత్తి, మలుపులో అదుపు తప్పే కారు.

తేలని పాత కేసుల విషయానికి వచ్చేసరికి తొదోరోవ్ చట్రం చాలదు. మామూలు హత్యకేసులో నేరానికీ పరిశోధనకూ మధ్య దూరం కొన్ని గంటలో కొన్ని వారాలో. కోల్డ్ కేసులో అది దశాబ్దాల దూరం. హోల్స్ 1994లో అటక మీది పాత దస్త్రాల్లోంచి అన్నట్టుగా పైకి తీసిన ‘ఈస్ట్ ఏరియా రేపిస్ట్’ కేసు అప్పటికే పదిహేనేళ్ల పాతది. నేరస్థుడు దొరికింది 2018లో. ఈ ఇరవై నాలుగేళ్లలో పరిశోధకుడి మొదటి వివాహం విచ్ఛిన్నమైంది, అతడు మరోసారి గృహస్థుడయ్యాడు, వృత్తిలో పైమెట్లెక్కాడు, పదవీ విరమణకు చేరుకున్నాడు. పరిశోధన కథ ఒక పూర్తి జీవితమంత పొడవు సాగినప్పుడు, ఆ పరిశోధన పరిశోధకుణ్ణి ఏం చేసిందన్న మూడో కథ దాని పక్కన తప్పనిసరిగా పుడుతుంది. మొదటి రెండు కథలూ ఒక అరెస్టు దగ్గర కలుసుకుని ముగుస్తాయి. మూడోదానికి అటువంటి బిందువు లేదు. ‘అన్‌మాస్క్‌డ్’లోని బలమంతా, బలహీనతంతా ఈ ముగింపుల పొంతన లేనితనంలోనే ఉంది.

కేసు వివరాలు క్లుప్తంగా చెప్పుకోవాలి. 1970ల నడిమి నుంచి 1986 వరకు కాలిఫోర్నియా అంతటా కనీసం పదమూడు హత్యలు, యాభై వరకు అత్యాచారాలు, లెక్కకు మించిన ఇళ్లలో చొరబాట్లు చేసిన వ్యక్తి ఒక్కడేనని పోలీసులకు చాలాకాలం తెలియదు. ఉత్తరాదిన ఒక పేరుతో, దక్షిణాదిన మరో పేరుతో వేర్వేరు దస్త్రాలు నడిచాయి. డి.ఎన్.ఎ. పరీక్షలు 2001లో ఈ రెండింటినీ కలిపాయి. ‘గోల్డెన్ స్టేట్ కిల్లర్’ అనే ఉమ్మడి పేరు 2013లో రచయిత్రి మిషెల్ మెక్‌నమారా పెట్టింది. 2018 ఏప్రిల్ 24న జోసెఫ్ జేమ్స్ డి ఆంజెలో అనే డెబ్బై రెండేళ్ల వ్యక్తిని శాక్రమెంటో శివారు సిట్రస్ హైట్స్‌లో అరెస్టు చేశారు. అతడు నేరాలు మొదలుపెట్టిన సంవత్సరాల్లో స్వయంగా పోలీసు ఉద్యోగి. 1979లో ఒక సుత్తిని, కుక్కలను తరిమే మందును దుకాణంలో దొంగిలిస్తూ పట్టుబడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఒక పోలీసు దాచినదాన్ని మరో పోలీసు వ్యవస్థ నాలుగు దశాబ్దాలు వెతికిందన్నది ఏ నవలాకారుడైనా కల్పిస్తే అతిశయోక్తి అనిపించే సంగతి.

వీధిలో ఆగిన కారు

ఆత్మకథలో అత్యంత శక్తిమంతమైన ఘట్టం అరెస్టుది కాదు. అప్పటికి హోల్స్ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. పదవీ విరమణ సమయంలో, మార్చి చివర, అతడు తన కారులో ఒంటరిగా సిట్రస్ హైట్స్ వెళ్లి డి ఆంజెలో ఇంటి ముందు ఆగుతాడు. అప్పటికి ఆ పేరు అనుమానితుల జాబితాలో ఒకటి మాత్రమే. తలుపు తట్టి, పరిచయం చేసుకుని, డి.ఎన్.ఎ. నమూనా ఇస్తారా అని అడిగితే ఈ పేరును కొట్టివేయవచ్చు, లేదా నిర్ధారించవచ్చు. అతడు తలుపు తట్టకుండానే కారు మళ్లిస్తాడు. ఈ సంగతిని హోల్స్ పత్రికా సంభాషణల్లోనూ చాలాసార్లు చెప్పాడు. లోపలున్నవాడు నిజంగా హంతకుడే అయితే ఆ తలుపు దగ్గరే ఏం జరిగేదో ఊహించవచ్చు.

ఈ ఘట్టంలో పరిశోధన కథా, మూడో కథా ఒకే క్షణంలో తారసపడతాయి. పరిశోధన కథ దృష్ట్యా ఇది గురికి అడుగు దూరంలో వెనుదిరగడం. ఉత్కంఠను పెంచే ఉపాయం. మూడో కథ దృష్ట్యా ఇది వేరు. అంతకుముందు ఎన్నో పేర్లు ఇతడేనేమో అనిపించి, పరీక్షలో కాదని తేలిపోయాయి. ప్రతి పేరు వెనుకా నెలలో సంవత్సరాలో ఖర్చయ్యాయి. వీధిలో ఆగిన కారులో కూర్చున్నది విజయానికి చేరువైన వీరుడు కాదు. తన నమ్మకాన్ని తానే నమ్మలేని స్థితికి చేరిన మనిషి. కథకుడు ఇక్కడ వ్యాఖ్యానం తగ్గించి దృశ్యాన్ని వదిలివేశాడు. మిగిలిన గ్రంథంలో అతడు ఈ సంయమనం ఎల్లప్పుడూ పాటించలేదు.

భారతీయ అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, అపరాధ పరిశోధక నవలకు స్థాయీభావం విస్మయం. పరిశోధకుడి వైపు నుంచి చూస్తే ఉత్సాహం. అద్భుత వీరాలు కలిసి నడిచే ఈ ప్రక్రియలో శవం ఉన్నా శోకం నిలవదు. బీభత్సం ఉన్నా క్షణికమే. హోల్స్ ఆత్మకథలో ప్రారంభం నుంచీ కనిపించేది నిర్వేదం. నాట్యశాస్త్రం ముప్పై మూడు సంచారి భావాల పట్టికను నిర్వేదంతోనే ప్రారంభించింది. మమ్మటుడు దాన్ని శాంతరసానికి స్థాయిగా గ్రహించాడు. అంటే ఈ ఒక్క భావానికి రెండు గతులున్నాయి: వచ్చిపోయేదిగా ఉండవచ్చు, స్థిరపడి మనిషిని ఆ వ్యాపారం నుంచే విముఖుణ్ణి చేయవచ్చు. హోల్స్‌లో నిర్వేదం స్థాయి కాలేదు. ఏదో ఒక బాలిక చివరి శ్వాస విడిచిన చోట నిలబడి, ఆమె కుటుంబం కళ్లలోకి చూస్తూ, కేసు తేలుతుందో లేదో తెలియదు గాని శక్తివంచన లేకుండా పనిచేస్తానని మాట ఇచ్చినప్పుడల్లా ఉత్సాహం తిరిగి తలెత్తుతుంది. పీడకలలతో మొదలైన ప్రస్తావన ఈ వాగ్దానంతోనే ముగియడం గమనించదగినది. మద్యశాల నుంచి మృతుల ఇంటికి నడిచిన ఆ కొద్ది పుటల్లోనే మనిషి మళ్లీ పనిలో పడిపోయాడు.

ఎంపికా, విధా?

ఆ ప్రస్తావనలోనే గ్రంథమంతటికీ కీలకమైన ఒక వైరుధ్యం దాగి ఉంది. అనుబంధాలను, ఆనందాన్ని, చివరికి పితృత్వాన్ని కూడా వదులుకున్నానని చెప్పి, తాను సరైన దాన్నే ఎంచుకున్నానా అని హోల్స్ ప్రశ్నించుకుంటాడు. వెంటనే, తన విషయంలో ఎంపిక అన్నదే ఎన్నడూ లేదంటాడు. రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కాలేవు. ఎంపిక ఉంటేనే త్యాగానికి అర్థం. ఎంపిక లేకపోతే అది విధి, లేదా వ్యాధి. త్యాగమనుకుంటే దాని బాధ్యత కర్తది. విధి అనుకుంటే బాధ్యత ఎవరిదీ కాదు. ఆత్మకథ పొడవునా కథకుడు ఈ రెంటి మధ్య ఊగిసలాడతాడు. వృత్తిని గురించి మాట్లాడేటప్పుడు కర్తగా ఉంటాడు: ఆధారం పట్టుకున్నది తానే, దస్త్రం తెరిచింది తానే. ఇంటిని గురించి మాట్లాడేటప్పుడు వాక్యాల్లోంచి కర్తృత్వం జారిపోతుంది: కేసు వదలలేదు, చీకటి లోపలికి వచ్చింది, దూరం పెరిగింది.

ఇది కేవలం భాషా విషయం కాదని ఎవరైనా అనవచ్చు. కాని ఆత్మకథా విమర్శలో భాషకంటె వేరే సాక్ష్యం లేదు. రచయిత, కథకుడు, కథానాయకుడు ముగ్గురూ ఒక్కరేనన్న హామీని ఫిలిప్ లెజ్యూన్ 1975లో ఆత్మకథా ఒప్పందం అన్నాడు. ‘అన్‌మాస్క్‌డ్’ ముఖపత్రం మీద హోల్స్‌తోబాటు రాబిన్ గేబీ ఫిషర్ అనే రచయిత్రి పేరు కూడా ఉంది. జీవించినవారు ఒకరు, వాక్యం కూర్చినవారు మరొకరు అయినప్పుడు ఆ ఒప్పందంలో మూడో సంతకం చేరుతుంది. పత్రికా రచనలో ఆరితేరిన చేయి పడినందువల్ల కథనానికి వేగం వచ్చింది, అధ్యాయాలు బిగువుగా తెగాయి. అదే చేయి కొన్నిచోట్ల పరిశోధకుడి మాటను ప్రక్రియకు అలవాటైన మాటగా మార్చివేసిందన్న అనుమానమూ కలుగుతుంది. ప్రారంభంలోని బర్బన్ గ్లాసునే తీసుకుంటే, అది హోల్స్ జీవితంలో నిజంగా ఉన్నదే కావచ్చు. అయినా ఒంటరి మద్యశాల, విరిగిన సంసారం, నిద్రలేని పరిశోధకుడు అన్నవి రేమండ్ చాండ్లర్ 1939లో ‘ది బిగ్ స్లీప్’తో మొదలుపెట్టిన ధోరణి నుంచి హెన్నింగ్ మాంకెల్ సృష్టించిన వాలాండర్ వరకు నవల అరగదీసిన సామగ్రి. కానన్ డాయల్ 1890లోనే ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో హోమ్స్ చేతికి కొకైన్ సూది ఇచ్చాడు, అయితే హోమ్స్‌కు అది కేసు లేనప్పటి విసుగుకు మందు, కేసు మిగిల్చిన గాయానికి కాదు. గాయపడిన పరిశోధకుడు అనే మూస ఆ తర్వాత తయారైంది. నిజమైన బాధ ఒకటి, అరువు తెచ్చుకున్న భంగిమలో వ్యక్తమైనప్పుడు పాఠకుడు ఆ బాధను శంకించడు గాని, దాని దగ్గరకు వెళ్లలేకపోతాడు. క్షేమేంద్రుడు ఔచిత్యం అన్నదానికి ఇది లోపమే.

చెల్లించినవారి మాట

మూల్యం అన్న తెలుగు మాటకు ధర అనీ, విలువ అనీ రెండు అర్థాలున్నాయి. హోల్స్ ధర గురించి అడుగుతాడు. ఆ ధరను ఎవరు చెల్లించారన్నది అంతకంటె పదునైన ప్రశ్న. పితృత్వాన్ని కోల్పోయానని తండ్రి అంటున్నాడంటే, తండ్రిని కోల్పోయిన పిల్లలు కొందరున్నారు. భర్త చెల్లించాననుకున్న దానిలో అధికభాగం భార్య ఖాతాలో నమోదై ఉండవచ్చు. వీరందరూ ఈ గ్రంథంలో ఉత్తమ పురుష కథనం ద్వారా మాత్రమే కనబడతారు. ఆత్మకథ అన్నది ఒకరి గొంతు కాబట్టి ఇది సహజమేననే వాదన ఉంది. ఆ వాదన సగమే సరి.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక పోలిక తోచకపోదు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు మాట్లాడారు. ఒక పెద్ద కర్తవ్యం కోసం ఇంటిని వదిలినవారు, బిడ్డలకు దూరమైనవారు, పోరాటం ఆగిపోయాక తిరిగివచ్చి తమకు చోటు లేదని గ్రహించినవారు అందులో ఉన్నారు. అక్కడ మూల్యాన్ని గురించి మాట్లాడేది స్వయంగా చెల్లించినవారు. ఉద్యమ నాయకుల రచనల్లో ఒకటి రెండు వాక్యాల్లో గడిచిపోయిన విషయం ఆ స్త్రీల నోట ప్రధాన కథ అయింది. సందర్భాలు పూర్తిగా వేరు. ఒకటి ప్రజా పోరాటం, మరొకటి ప్రభుత్వోద్యోగం. కాని ‘త్యాగం’ అన్న మాట ఎవరి నోట వినిపిస్తున్నదో చూసుకోవాలన్న పఠన సూత్రాన్ని ఆ గ్రంథం తెలుగు విమర్శకు నేర్పింది. దానితో చదివినప్పుడు ‘అన్‌మాస్క్‌డ్’లో ఇంటి ఘట్టాలు ఎందుకు పలుచగా ఉన్నాయో అర్థమవుతుంది. కథకుడు అక్కడ లేడు. తాను లేని గదిని గురించి రాయవలసిరావడమే అతని ఇబ్బంది. దాన్ని నిజాయితీగా ‘నేను అక్కడ లేను’ అని వదిలిన చోట రచన నిలబడింది. పశ్చాత్తాపంతో నింపిన చోట వదులైంది.

బాధితుల విషయంలోనూ ఇదే చిక్కు. హోల్స్ తన వృత్తిజీవితంలో ప్రస్తావించే కేసుల్లో జేసీ డుగార్డ్‌ది ఒకటి. 1991లో పదకొండేళ్ల వయసులో అపహరణకు గురై, పద్దెనిమిదేళ్లు కాంట్రా కోస్టా కౌంటీలోనే ఒక ఇంటి వెనుక దొడ్లో బందీగా ఉండి 2009లో బయటపడిన ఆమె, 2011లో ‘ఎ స్టోలెన్ లైఫ్’ అనే ఆత్మకథ రాసింది. 2006లో పొరుగువారి ఫిర్యాదు మీద షరీఫ్ కార్యాలయ ఉద్యోగి ఆ ఇంటికి వెళ్లి, దొడ్డి చూడకుండానే తిరిగివచ్చాడు. 2009లో షరీఫ్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఒకే కౌంటీ, ఒకే వ్యవస్థ, రెండు ఆత్మకథలు. డుగార్డ్ గ్రంథంలో పరిశోధకుడి అలసటకు చోటు లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. హోల్స్ ఇల్లు కోల్పోయి చేసిన శ్రమ వ్యక్తిగతమైనది, దొడ్డి తలుపు తెరవకపోవడం వ్యవస్థాగతమైనది. ఒక వ్యక్తి తనను తాను దహించుకుంటే తప్ప పాత దస్త్రాలు కదలని వ్యవస్థను గురించి ‘అన్‌మాస్క్‌డ్’ ఇంకా గట్టిగా మాట్లాడి ఉండవలసింది. ఆత్మకథ ఆ వ్యవస్థ మీది విమర్శగా ఎదగబోయి, తరచుగా ఆ వ్యక్తి మీది గౌరవంగా మారిపోతుంది.

వంశవృక్షం

గోల్డెన్ స్టేట్ కిల్లర్‌ను పట్టించిన పద్ధతి పరిశోధక కథకు సంబంధించిన పాత ఊహను తలకిందులు చేసింది. పాదముద్రలు, సాక్షులు, నేరస్థుడి మనస్తత్వ చిత్రణ, వేల పుటల దస్త్రాలు ఏవీ చివరికి అతడి పేరు చెప్పలేదు. దశాబ్దాలుగా భద్రపరిచిన ఒక నమూనా నుంచి తయారైన డి.ఎన్.ఎ. వివరాలను, తమ పూర్వీకులను వెతుక్కునే సామాన్యులు వాడే జిఇడిమ్యాచ్ వంటి వంశావళి నిధుల్లోని వివరాలతో పోల్చారు. దూరపు బంధువులు బయటపడ్డారు. వారి ఉమ్మడి పూర్వీకులు 19వ శతాబ్దికి చెందినవారు. అక్కడి నుంచి కొమ్మ కొమ్మనూ కిందికి గీసుకుంటూ, బార్బరా రే-వెంటర్ అనే వంశావళి నిపుణురాలి తోడ్పాటుతో బృందం ఒక వయసు, ఒక ప్రాంతం, ఒక పేరు దగ్గరకు వచ్చింది. అనుమానితుడి కారు తలుపు పిడి మీద, పారేసిన కాగితపు రుమాలు మీద దొరికిన నమూనాలు మిగిలిన పని పూర్తిచేశాయి.

సొంత కుటుంబం చేజారిన పరిశోధకుడికి సమాధానం మరొకరి కుటుంబ వృక్షంలో దొరకడంలోని వ్యంగ్యాన్ని పాఠకుడు గుర్తించక మానడు. అంతకంటె ముఖ్యమైన సంగతి వేరే ఉంది. హోల్స్ ఇరవై నాలుగేళ్ల వేట, అతడు చెల్లించిన మూల్యం, ఈ సమాధానానికి అవసరమా? ఆ సాంకేతికత వచ్చేదాకా దస్త్రాన్ని అలమరలో భద్రంగా ఉంచినా ఫలితం ఇదే అయ్యేదా? ఈ ప్రశ్న క్రూరమైనదే, కాని ఆత్మకథ దానికి జవాబుదారీ. ఒక జవాబు గ్రంథంలోనే ఉంది: నమూనా దానంతట అదే మాట్లాడదు. ఎవరో ఒకరు దస్త్రం మూతపడకుండా చూశారు గనుకనే, ఎక్కడ ఏ నమూనా మిగిలిందో వెతికారు గనుకనే, కొత్త పద్ధతి వినగానే దీనికి పనికివస్తుందేమోనని తలచారు గనుకనే అది సాధ్యమైంది. విజ్ఞానం వచ్చేవరకు కేసును బతికించి ఉంచడమే ఆ ఇరవై నాలుగేళ్ల పని. వీరోచితంగా కనిపించని ఈ పనిని హోల్స్ ఇంకొంచెం గర్వంగా చెప్పుకున్నా తప్పులేదు. వేటగాడి భాష అతణ్ణి ఆకర్షించింది. కావలివాడి భాష అతనికి ఎక్కువ సరిపోయేది.

హైదరాబాదుకు ఈ విజ్ఞానంతో పాత సంబంధం ఉంది. సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ 1988 నాటికి స్వదేశీ డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతిని రూపొందించారు. రాజీవ్ గాంధీ హత్యకేసులో దాని ఉపయోగం అందరికీ తెలిసినదే. ప్రయోగశాల ఇంత చేరువలో ఉన్నా, ఆ ప్రయోగశాలలో మనిషి ఎలా బతికాడో చెప్పే రచన తెలుగులో ఒక ప్రక్రియగా స్థిరపడలేదు. స్వాతంత్ర్య సమరయోధులు, సంఘ సంస్కర్తలు, కవులు తమ కథలు చెప్పుకున్న భాషలో దర్యాప్తు అధికారి కథకు, శవపరీక్ష చేసే వైద్యుడి కథకు ఇంకా చోటు ఏర్పడవలసే ఉంది. చట్టపరంగా ఒక తేడా కూడా గమనించాలి. మన దేశంలో హత్య, అత్యాచారం వంటి పెద్ద నేరాలకు కాలపరిమితి అడ్డురాదు. కాలిఫోర్నియాలో 1970ల నాటి అత్యాచారాలకు కాలదోషం పట్టినందున డి ఆంజెలో మీద ఆ నేరాలను అభియోగాలుగా మోపలేకపోయారు. కేసు తేలిందనడానికీ, న్యాయం జరిగిందనడానికీ మధ్య ఎడం అక్కడ చట్టంలోనే ఉంది.

ముగియని గ్రంథం

‘అన్‌మాస్క్‌డ్’ను మెక్‌నమారా గ్రంథం పక్కన పెట్టి చదవకపోతే చిత్రం పూర్తికాదు. హోల్స్‌కు ఆమెతో సన్నిహిత పరిచయం ఉంది. ఇద్దరినీ కలిపింది ఈ కేసే. ఆమె ఉద్యోగి కాదు. రాత్రిళ్లు ఇంట్లో అందరూ నిద్రపోయాక కంప్యూటర్ ముందు కూర్చుని పాత నేరాలను వెతికిన గృహిణి, రచయిత్రి. 2016 ఏప్రిల్‌లో నలభై ఆరేళ్ల వయసులో నిద్రలో మరణించింది. ‘ఐల్ బి గాన్ ఇన్ ది డార్క్’ను ఆమె సహచరులు సమకూర్చి 2018 ఫిబ్రవరిలో తెచ్చారు. రెండు నెలలకు అరెస్టు జరిగింది. అందులో ముసలివాడైన హంతకుణ్ణి ఉద్దేశించి రాసిన లేఖ ఉంది, అతడి ఇంటి గంట మోగే రోజును ఊహిస్తూ. పేరు తెలియదు, ముగింపు లేదు, రచయిత్రి లేదు. కొన్ని అధ్యాయాలు నోట్సు రూపంలోనే మిగిలాయి. ఆ అసంపూర్ణత కేవలం దుర్ఘటన ఫలితం. అయినా తేలని కేసు స్వభావానికి అంతకంటె తగిన శిల్పం ఏ రచయితా కావాలని చేయలేడు. మూడో కథకు ముగింపు ఉండదన్న సత్యాన్ని ఆ గ్రంథం తన శరీరంతోనే చూపించింది.

హోల్స్‌కు ముగింపు దొరికింది, దానితో కథన సమస్య కూడా దొరికింది. అరెస్టు తర్వాత అతడు టెలివిజన్ ముఖమయ్యాడు. 2019లో అతడి పేరుతోనే ఒక ధారావాహిక కార్యక్రమం వచ్చింది. పాడ్‌కాస్ట్ నడిచింది. చెల్లించిన మూల్యం ఇలా విలువగా మారడాన్ని ఆక్షేపించవలసిన పనిలేదు. ఇరవై ఏడేళ్ల అనుభవానికి శ్రోతలు ఉండటం మంచిదే. కాని గాయాన్ని గురించిన ఆత్మకథ, గాయాన్ని మళ్లీ మళ్లీ తెరిచే కొత్త వృత్తి నడుమ నుంచి వెలువడుతున్నప్పుడు దానికి శాంతి సాధ్యమా? నిర్వేదం సంచారిగానే ఎందుకు మిగిలిందో ఇక్కడ తెలుస్తుంది. విరమణ తర్వాత కూడా అతడు కేసులనే ఎంచుకున్నాడు. లేదా, అతని మాటే తీసుకుంటే, ఎంచుకోలేదు.

డి ఆంజెలో 2020 జూన్ 29న నేరం అంగీకరించాడు. కోవిడ్ దృష్ట్యా విచారణను న్యాయస్థానం నుంచి శాక్రమెంటోలోని ఒక విశ్వవిద్యాలయ సభామందిరానికి మార్చారు. ఆగస్టులో శిక్ష ఖరారుకు ముందు మూడు రోజుల పాటు బాధితులు, వారి కుటుంబీకులు ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. కాలదోషం వల్ల అభియోగపత్రానికి ఎక్కని నేరాల బాధితులు కూడా వారిలో ఉన్నారు. నలభై ఏళ్లలో నిద్ర ఏమైందో, పెళ్లిళ్లు ఏమయ్యాయో, పిల్లలను ఎలా పెంచారో వారు చెప్పారు. పీడకలలు, విరిగిన సంసారాలు, తాళం వేసిన మాటలు: ‘అన్‌మాస్క్‌డ్’ ప్రస్తావనలో హోల్స్ తన గురించి చెప్పుకున్న జాబితా దాదాపు ఇదే. ఆ మందిరంలో దాన్ని చెప్పినవారికి మాత్రం ఎంపిక ఉందా లేదా అన్న సందేహం లేదు.